తొమ్మిదో తరగతికి "ఏది నమ్మాలి" అని రెండు పీరియడ్లలో ఎలా చెప్పాలి?

పెందుర్తి_సోషల్_టీచర్
పెందుర్తి వైపు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొన్న వానల్లో ఒక రాత్రి "రేపు విశాఖ జిల్లాలో అన్ని పాఠశాలలకు సెలవు, కలెక్టర్ ఉత్తర్వులు" అని ఒక లెటర్ ఫొటో అన్ని గ్రూపుల్లో తిరిగింది. సంతకం, సీలు అన్నీ ఉన్నాయి. పొద్దున్న వెళ్తే క్లాసులో సగం మంది లేరు, సెలవూ లేదు గిలవూ లేదు. సరే అది అయిపోయింది. తర్వాత వారం నిజంగానే సెలవిచ్చారు, ఈసారి పిల్లలు అది ఫేక్ అనుకుని తడుచుకుంటూ వచ్చేశారు. ఆ వానలో వాళ్లని మళ్లీ ఇళ్లకి చేర్చేసరికి మా పని అయిపోయింది. దాంతో హెచ్‌ఎం గారు "ఏది నిజమో ఎలా తెలుసుకోవాలో ఒక క్లాసు పెట్టండి, సోషల్ మీదే కదా" అని నాకు అప్పజెప్పారు.

స్టాఫ్ రూమ్‌లో అడిగితే "వాట్సాప్‌లో వచ్చింది ఏదీ నమ్మొద్దని చెప్పండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నారు. రెండోసారి పిల్లలు చేసింది అదే కదా! క్లాసులోకి ఫోన్లు రానివ్వం. గోడకి పెద్ద టచ్‌స్క్రీన్, ఐఎఫ్‌పీ ప్యానెల్ ఉంది, నెట్ దాని ఇష్టం. ఏం చెప్పాలి, ఏం చేయించాలి?

కంచరపాలెం_కుర్రోడు
సెలవు మెసేజ్‌ని ఎవడైనా చెక్ చేస్తాడా మేడమ్? చెక్ చేస్తే అబద్ధమని తెలిసిపోతుంది కదా. ఆ భయంతోనే మేం ఎప్పుడూ చేసేవాళ్లం కాదు.

సీతమ్మధార_అమ్మ
పై బాబు నవ్వులాటకి అన్నా అందులో విషయం ఉంది. ఫలానా ఆకు నమిలితే షుగర్ తగ్గిపోతుందనే వీడియో వస్తే మావారు అటు చూడరు, ఆయనకి షుగర్ లేదు. మా అత్తగారు మాత్రం చివరిదాకా చూసి ఇంకో నలుగురికి పంపుతారు. ఆవిడేమీ అమాయకురాలు కాదు, చీటీల లెక్కలో ఒక్క రూపాయి పోనివ్వదు. మనకి కావలసిన మాటే వచ్చినప్పుడు చెయ్యి ఆగదు, అంతే. పిల్లలకి ముందు అది చెప్పండి. చూడగానే సంబరమో కోపమో భయమో వచ్చిందంటే ఆ మెసేజ్‌ని కాసేపు అలా ఉంచమనండి.

డెస్క్_రిటైర్డ్
తెలుగు పేపరు జిల్లా డెస్క్‌లో చాలా ఏళ్లు సబ్‌ఎడిటర్‌గా చేశాను. నా మాట ఒకటే: నకిలీ లెటర్‌లో తప్పులు వెతకడం పిల్లలకి నేర్పొద్దు. పైన ఆర్‌సీ నంబరు, అంటే ఫైలు నంబరు లేదనో, తేదీ పాతదనో, సంతకం కింద పాత కలెక్టర్ పేరు ఉందనో పట్టుకోవచ్చు, నిజమే. కానీ తయారుచేసేవాడు వచ్చే వానాకాలానికి ఆ తప్పులు దిద్దుకుంటాడు. అసలు లెటర్ ఒకటి చేతికొస్తే తేదీ మార్చడం ఎంతసేపు? అందుకని ఆ కాగితాన్ని పక్కనపెట్టి, ఇది నిజమైతే ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చి ఉండాలి అని అడగమనండి. సెలవైతే కలెక్టరేట్ నుంచి జిల్లా విద్యాధికారి డీఈఓకి, అక్కణ్నుంచి మండల విద్యాధికారులు ఎంఈఓలకి, తర్వాత హెచ్‌ఎంలకి వస్తుంది. మీ హెచ్‌ఎం గారికి తెలియని సెలవు ఊరందరికీ ఎలా తెలిసింది? ఈ దారి బోర్డు మీద గీసి చూపించండి, తొమ్మిదో తరగతికి బాగా అర్థమవుతుంది.

ఇంకొకటి. "మూడు పేపర్లలో వచ్చింది కాబట్టి నిజం" అంటారు. మూడింటిలోనూ అవే వాక్యాలు ఉంటే అది ఒకే ప్రెస్‌నోటు. సాయంత్రం ఏడింటికి వచ్చిన ప్రెస్‌నోటుకి హెడ్డింగు మార్చి పేజీలో పెట్టడం నేను చేసిన పనే, అందరూ చేసేదే. అది తప్పని కాదు, కానీ దాన్ని మూడు చోట్ల విచారించి రాసిన వార్తగా లెక్కపెట్టకూడదు.

ఏయూ_బీఈడీ
డెస్క్ గారు అనుభవంతో చెప్పినదానికి ఒక పరిశోధన కూడా ఉంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో చేశారు. పదిమంది చరిత్ర ఆచార్యులు, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే పనిగా ఉన్న పదిమంది ఫ్యాక్ట్‌చెకర్లు, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. ఆచార్యులు, విద్యార్థులు ఆ పేజీనే పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు. లోగో బాగుంది, భాష గంభీరంగా ఉంది, కింద ఆధారాల పట్టిక ఉంది అని చాలామంది బోల్తాపడ్డారు. ఫ్యాక్ట్‌చెకర్లు ఆ పేజీలో ఎక్కువసేపు ఉండనే లేదు. వెంటనే పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. తక్కువ చదివారు, త్వరగా తేల్చారు.

మన చదువుల్లో "శ్రద్ధగా చదువు" అనే నేర్పుతాం. ఇక్కడ ఆ మంచి అలవాటే ఎదురుతిరుగుతుంది. పిల్లలకి ఇది చెబితే భలే ఆశ్చర్యపోతారు.

ఫోన్_లేని_ఎంపీసీ
ట్యాబ్ తెరవాలంటే ఫోన్ ఉండాలి కదా సార్. ఇంటర్ హాస్టల్లో మాకు ఆదివారం ఇంటికి మాట్లాడటానికే ఫోన్. బయట ఏం జరిగినా వార్డెన్ చెప్పిందే వార్త. ఇప్పుడు సెలవుల్లో ఇంట్లో ఉన్నా కాబట్టి రాస్తున్నా.

ఒకటి అడుగుతా. రిజల్ట్స్ రోజు పేపరు తెరిస్తే మొదటి పేజీ అంతా ర్యాంకులు. అది వార్తా, యాడా? మా నాన్న ఆ పేజీ చూసే నన్ను చేర్పించారు. మా సీనియర్ ఒకడి ఫొటో రెండు వేర్వేరు సంస్థల పేజీల్లో ఉంది, ఒకే చొక్కాతో.

కంచరపాలెం_కుర్రోడు
ఒకే చొక్కా అంటే ఫొటో నిజమేనన్నమాట 😂

డెస్క్_రిటైర్డ్
@ఫోన్_లేని_ఎంపీసీ అది యాడే బాబూ, పేపరుకి తొడిగిన జాకెట్. అసలు మొదటి పేజీ దాని లోపల ఉంటుంది. అయినా అది పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. జిల్లా పేజీల్లో వార్తలాగే కాలమ్స్ కట్టి, వార్తలాగే హెడ్డింగు పెట్టి, ఎక్కడో మూల "అడ్వర్టోరియల్" అనో "ప్రకటన" అనో చీమంత అక్షరాల్లో వేసేవి అసలు ప్రమాదం. ఆ మాట కూడా వేయకుండా డబ్బు తీసుకుని రాసేవాటిని పెయిడ్ న్యూస్ అంటారు, ప్రెస్ కౌన్సిల్ 2010లో దాని మీద నివేదిక ఇచ్చింది. టీచర్ గారూ, క్లాసుకి ఫోన్లు అక్కర్లేదు. పాత పేపర్లు, రంగు పెన్సిళ్లు ఇవ్వండి. వార్తకి ఒక రంగు, డబ్బిచ్చి వేయించుకున్నదానికి ఒక రంగు, ఎవరో తమ అభిప్రాయం రాసుకున్నదానికి ఒక రంగు. తేల్చుకోలేనిది తెల్లగా వదిలేయమనండి. తెల్లగా ఎంత మిగులుతుందో చూడండి.

న్యాయం_నాయుడు
ర్యాంకుల యాడ్ల సంగతి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో కోచింగ్ సంస్థల ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఫొటో వేస్తే ఆ విద్యార్థి వాళ్ల దగ్గర ఏ కోర్సు చదివాడో చెప్పాలి, ర్యాంకు వచ్చాక రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఏడాదంతా చదివినవాడూ, ఇంటర్వ్యూకి ముందు నాలుగు రోజులు వచ్చిపోయినవాడూ ఒకే వరసలో కనిపిస్తున్నారనే ఇవి తెచ్చారు.

ఫోన్_లేని_ఎంపీసీ
"మాది కోచింగ్ కాదు, కాలేజీ" అంటే?

న్యాయం_నాయుడు
లాయర్లు బతకాలి కదా తమ్ముడూ.

మూడో_నంబర్_జెండా
నేను వాతావరణం పిచ్చోణ్ని. ఈ మొత్తం చర్చలో నాకు భయం వేసేది ఆ రెండో సెలవు రోజే, పిల్లలు ఫేక్ అనుకుని వచ్చేసిన రోజు. విశాఖలో ఉండేవాళ్లకి అబద్ధాన్ని నమ్మడం కంటే నిజాన్ని నమ్మకపోవడం ప్రమాదం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 8న తుపానుగా మారింది, 12న మన మీద తీరం దాటింది. మధ్యలో అన్ని రోజుల హెచ్చరికలు ఉన్నాయి. అయినా "వైజాగ్‌కి తుపాన్లు రావండీ, కొండలు అడ్డం" అన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులు. బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే ఎవరో ఒకరు గాలివానల అంచనాలు చూపించే విండీ యాప్ స్క్రీన్‌షాట్ పెడతారు, పది రోజుల తర్వాతి తేదీతో, విశాఖ పక్కనే ఊదారంగు సుడి. ఆ బొమ్మ ఫేక్ కాదు, ఆ యాప్‌లో నిజంగానే కనిపించింది. కానీ అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే వాతావరణ మోడల్ రోజుకి నాలుగుసార్లు కొత్తగా లెక్కకడుతుంది. పొద్దున్న విశాఖ, సాయంత్రం చెన్నై, మర్నాడు సముద్రంలోనే మాయం. స్క్రీన్‌షాట్‌లో ఒక పూట లెక్క మాత్రమే మిగిలి వారమంతా తిరుగుతుంది. ఫేక్ కాని బొమ్మతోనే ఊరంతా టెన్షన్!

పోర్టులో ఎగరేసే నంబర్లదీ అదే కథ. "విశాఖ పోర్టులో ఒకటో నంబర్ ప్రమాద హెచ్చరిక" అని టీవీలో ఎర్ర అక్షరాలు. ఆ నంబర్లు ఓడలకి. ఒకటి అంటే దూరంగా సముద్రంలో ఏదో తయారవుతోందని, రెండంటే దూరంగా తుపాను ఏర్పడిందని, మూడంటే ఈ పోర్టుకే ఈదురుగాలుల ముప్పు ఉందని. పది వరకూ పెరుగుతుంది. పదకొండు ఇంకా చిత్రం, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. గాలి గంటకు 62 కిలోమీటర్లకి చేరితేనే తుపాను అని పేరు పెడతారు, దానికి ముందు వాయుగుండం, తీవ్ర వాయుగుండం. ఈ మెట్లు తొమ్మిదో తరగతి పిల్లలకి వస్తే చాలు, సగం పుకార్లు వాళ్లే తేలుస్తారు. తుపాను హెచ్చరిక కేంద్రం మన ఊళ్లోనే ఉంది, బులెటిన్లు వాతావరణ శాఖ ఐఎండీ సైట్‌లో అందరికీ దొరుకుతాయి. బులెటిన్ మీద తేదీ, టైమ్ ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసేవాడు ముందు కత్తిరించేది వాటినే.

సీతమ్మధార_అమ్మ
ఒకటో నంబర్ ఓడలకని ఇన్నాళ్లూ నాకు తెలియదండీ. ఆ మాట వినగానే మేడ మీద బట్టలు తీసేసేదాన్ని.

మూడో_నంబర్_జెండా
తీసేయడం మంచిదే, ఎలాగూ వాన పడుతుంది.

గోపాలపట్నం_గోపి
అందరూ ఆగు, వెతుకు, సరిచూడు అంటున్నారు. నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. మా ఇల్లు అక్కడికి దగ్గరే. ఆ రోజు రాత్రే మళ్లీ లీకైందన్న మాట పాకింది. జనం అర్ధరాత్రి పిల్లల్ని భుజాన వేసుకుని బళ్ల మీద, నడిచి, దొరికినదాని మీద పోయారు. తర్వాత పోలీసులు రెండో లీకేదీ లేదన్నారు. మరి ఆ రాత్రి పరిగెత్తినవాళ్లు తెలివితక్కువవాళ్లా? నేను కాదంటాను. పరిగెత్తి తప్పయితే ఒక రాత్రి నిద్ర పాడవుతుంది. కూర్చుని తప్పయితే మనిషే పోతాడు. సెలవు మెసేజ్‌కి, గ్యాస్ మెసేజ్‌కి ఒకే పాఠం చెప్పకండి.

ఏయూ_బీఈడీ
గోపీ అన్నా, మీరు పరిగెత్తడం గురించి చెబుతున్నారు, మేం ఫార్వర్డ్ చేయడం గురించి. రెండూ వేరు కదా. మీరు వెళ్లిపోండి, పక్కింటి తలుపు కూడా కొట్టండి. కానీ "రెండో ట్యాంకు పేలింది, ఇన్ని శవాలు" అని ఎవరో రాసింది నగరమంతా పంపితే అంబులెన్స్ వెళ్లాల్సిన రోడ్డే మూసుకుపోతుంది.

గోపాలపట్నం_గోపి
ఆ రాత్రి మాకు ఎవరు చెప్పారో చెప్పనా? పక్కింటి వాళ్లే. వాళ్లకి వాట్సాప్‌లో వచ్చింది. మీరు గీసే గీత కాగితం మీద బాగుంటుంది. అయినా శవాల లెక్క పంపొద్దన్న మాట ఒప్పుకుంటాను.

డెస్క్_రిటైర్డ్
గోపి గారి మాట తీసిపారేయొద్దు. డెస్క్‌లో కూడా అదే పద్ధతి. మంత్రి గారి పర్యటన వార్తకి ఒక ఫోన్ చాలు. చావు వార్తకి ఆసుపత్రి, పోలీసు, ఊళ్లో మనిషి, ముగ్గురూ చెప్పాలి. తప్పయితే ఎవరికెంత నష్టమో దాన్నిబట్టి ఎంత వెతకాలన్నది.

మధురవాడ_కోడర్
టెక్నికల్‌గా రెండు ముక్కలు. వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి తగ్గించింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో జనం అమాయకుల్ని కొట్టి చంపేసిన ఏడాది అది. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన మెసేజ్‌లని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. రెండు బాణాల గుర్తు ఉంటే చాలా చేతులు మారిందని. అబద్ధమని కాదు! అలాగే గుర్తు లేకపోతే కొత్తదని కూడా కాదు, టెక్స్ట్ కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ గుర్తు పోతుంది. "ఇప్పుడే మా కజిన్ పంపాడు" అని మొదలయ్యేవి ఎక్కువగా ఆ బాపతే.

రెండోది ఫొటోలు. గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో వేస్తే అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో తెలుస్తుంది. తుపాను వచ్చిన ప్రతిసారీ హుద్‌హుద్ నాటి మన ఎయిర్‌పోర్టు ఫొటోలు లేచి కూర్చుంటాయి.

కంచరపాలెం_కుర్రోడు
మొన్న ఆర్కే బీచ్‌లో తిమింగలం రోడ్డు మీదికొచ్చిన వీడియో చూశా. వెనకాల ముంత మసాలా బండివాడు కదలకుండా ఉల్లిపాయలు కోస్తూనే ఉన్నాడు. అక్కడే ఏఐ అని పట్టేశా.

ఏయూ_బీఈడీ
లేదు లేదు, అదొక్కటే నిజం అయ్యుంటుంది 😄

వేళ్లు లెక్కపెట్టు, కళ్లు ఆర్పుతున్నారా చూడు అనే చిట్కాలు పిల్లలకి చెప్పకపోవడమే మంచిది. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో, అంటే వేరే అమ్మాయి వీడియోకి ఆమె ముఖం అతికించింది, వచ్చినప్పుడే చాలామంది పోల్చుకోలేకపోయారు, ఇప్పుడు సాధనాలు ఇంకా మెరుగయ్యాయి.

డెస్క్_రిటైర్డ్
వీడియో ఎవరు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అని అడగడం మాత్రం పాతబడదు. మన ఊరిదంటే మన పిల్లలే పెద్ద నిపుణులు. ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు తిరిగి నిలబడితే డాల్ఫిన్ నోస్ కుడిచేతి వైపు, కైలాసగిరి ఎడమచేతి వైపు. వీడియోలో డాల్ఫిన్ నోస్ ఎడమవైపు ఉందంటే ఎవరో బొమ్మని అద్దంలోలా తిప్పేశారు, వెతికితే దొరక్కుండా అలా చేస్తారు. బోర్డుల మీద అక్షరాలు చూడండి, బండి నంబర్ ప్లేట్లు చూడండి. పాత విశాఖ బళ్లు ఏపీ 31, 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్‌గా ఏపీ 39 వచ్చింది. "విశాఖలో వరద" అని చూపించే వీధిలో బస్సు మీద ఇంకో రాష్ట్రం అక్షరాలు ఉంటే ఇక మాట్లాడేదేముంది. ఫొటోలు ప్రింట్ తీసి పంచండి టీచర్ గారూ, "ఇది ఎక్కడిది, ఎలా చెప్పగలవు" అనండి. వాళ్లు ఆగరు.

పెందుర్తి_సోషల్_టీచర్
ఇది చాలా బాగుంది. మ్యాప్ పాయింటింగ్ అంటే పారిపోయేవాళ్లు కూడా దీనికి కూర్చుంటారు. రంగు పెన్సిళ్ల పని మొదటి పీరియడ్, ఫొటోలు, పోర్టు నంబర్లు రెండోది అనుకుంటున్నాను. ఫ్యాక్ట్‌చెక్ సైట్ల గురించి చెప్పాలా? కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం వాళ్ల పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ ఉంది కదా, అది చూడమంటే సరిపోతుందా?

న్యాయం_నాయుడు
సరిపోదు. పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ 2019లో పెట్టారు, అది కేంద్ర ప్రభుత్వానికి సంబంధించినవే చూస్తుంది. మీ జిల్లా సెలవు దానికి పట్టదు. పైగా ప్రభుత్వం మీద విమర్శ నిజమో కాదో ప్రభుత్వమే తేల్చడం ఏమిటన్న ప్రశ్న ఉంది. ప్రభుత్వ ఫ్యాక్ట్‌చెక్ యూనిట్‌కి చట్టబలం ఇస్తూ 2023లో తెచ్చిన ఐటీ నిబంధనల సవరణని బాంబే హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టేసింది.

మధురవాడ_కోడర్
అలాగని పీఐబీ చెప్పేదంతా తీసెయ్యక్కర్లేదు నాయుడు గారూ. నకిలీ ఉద్యోగ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ లింకుల విషయంలో పనికొస్తుంది. మన పిల్లలకి ఎక్కువ వచ్చేవి అవే. ఆ లింకుల్లో డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పండి మేడమ్, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. తెలుగులో ఫ్యాక్ట్‌చెక్‌లు కావాలంటే ఫ్యాక్ట్‌లీ అనే సైట్ వాళ్లు రాస్తున్నారు.

సీతమ్మధార_అమ్మ
మా మరిది ఇప్పటికీ 2000 నోటులో చిప్ ఉండేదనే అంటాడు. 2023లో ఆ నోటే వెనక్కి తీసుకున్నారు కదయ్యా అంటే "చిప్ బయటపడుతుందనే తీసుకున్నారు" అన్నాడు. ఇలాంటివాళ్లకి ఏ సైట్ చూపించాలి?

కంచరపాలెం_కుర్రోడు
యునెస్కో వాళ్లు మన జాతీయ గీతంతో పాటు ఆయనకి కూడా ప్రపంచంలోనే ఉత్తమం అని అవార్డు ఇచ్చారంట, ఫార్వర్డ్ చెయ్యండి.

ఫోన్_లేని_ఎంపీసీ
ఆగండి, జాతీయ గీతం అవార్డు అబద్ధమా?? మా స్కూల్లో అసెంబ్లీలో చెప్పారు!

ఏయూ_బీఈడీ
అబద్ధమే తమ్ముడూ. యునెస్కో అలాంటి అవార్డే ఇవ్వలేదు, ఏళ్ల తరబడి తిరుగుతోంది. టీచర్ గారూ, ఇదొక్కటి క్లాసులో తప్పకుండా పెట్టండి. వాట్సాప్ అంకుల్స్ మీద నవ్వుకోవడం తేలిక. మైకులో స్కూలు చెప్పిన మాటని కూడా అడగొచ్చని పిల్లలకి ఎవరూ చెప్పరు.

పెందుర్తి_సోషల్_టీచర్
అది పెడితే మా అసెంబ్లీ సార్ నాతో మాట్లాడరు. అయినా పెడతాను.

హోమ్‌వర్క్‌గా ఇంట్లో గ్రూపులకి వచ్చిన ఒక మెసేజ్ నోట్‌బుక్‌లో రాసుకుని రమ్మందామనుకుంటున్నా, క్లాసులో అందరం కలిసి తేలుద్దాం అని.

గోపాలపట్నం_గోపి
ఆ పని మాత్రం వద్దు మేడమ్. తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ల నాన్నకి వచ్చిన మెసేజ్ తెస్తుంది, అది ఏ పార్టీదో, ఏ కులందో, ఏ మతందో అవుతుంది. క్లాసులో అబద్ధమని తేలుస్తారు. ఆ పిల్ల ఇంటికెళ్లి "నాన్నా, నువ్వు పంపింది తప్పని టీచర్ చెప్పింది" అంటుంది. మర్నాడు ఆయన మీ గేటు దగ్గర ఉంటాడు, పాఠం అక్కడితో ఆఖరు.

డెస్క్_రిటైర్డ్
గోపి గారు చెప్పింది కరెక్ట్. వానలు, పరీక్షలు, ఆరోగ్యం, లాటరీలు, ఈ నాలుగింట్లోనే బోలెడంత సరుకు ఉంది. మెసేజ్‌లు మీరే తీసుకెళ్లండి, పేర్లు, నంబర్లు చెరిపేసి. పాత జిల్లా ఎడిషన్లు నా దగ్గర అటక నిండా ఉన్నాయి, మా ఆవిడ ఎప్పుడు పారేద్దామా అని చూస్తోంది. క్లాసులో ఎంతమంది?

పెందుర్తి_సోషల్_టీచర్
నలభై రెండు మంది సార్. ఇద్దరికో పేపరు చాలు. ఆదివారం మా వారిని బండిమీద పంపుతాను, అడ్రస్ ఇక్కడ పెట్టకండి, విడిగా మెసేజ్ చేయండి.